అమ్మ చచ్చి బతికిన పేజీ

మా ఇంట్లో అందరూ చచ్చి బతికినవాళ్ళే. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసిన మా నాన్న, క్రషింగ్ సీజను అయిపోయిన రోజున ఇంటికొచ్చి వసారాలో చాప మీద వాలిపోయి, ఈ ఏడు చచ్చి బతికానే అనేవాడు. ఇంటర్మీడియెట్ లెక్కల పరీక్ష రాసొచ్చి నేనూ అదే అన్నాను. హనుమాన్ జంక్షన్ దాకా బస్సులో నిలబడి వెళ్ళొచ్చిన మా మేనత్త చెప్పులు విడవకముందే ఆ మాట అనేది. ఏ సమాధిలోంచి లేచొచ్చావని ఎవరూ ఎవర్నీ అడగలేదు. మంచినీళ్ళిచ్చి ఫ్యాను వేసేవాళ్ళు, అంతే. ఇంత మామూలు మాట పట్టుకుని మా అమ్మని అబద్ధాలకోరుని చేస్తారని, ఆ పనికి మొదటి అక్షరం నేనే కొడతానని నాకేం తెలుసు.

నాకు కోపం ఎక్కువ. అమ్మకి లేదు. అమ్మకి ఉన్నది ఇంకొక జబ్బు, ఉన్నదున్నట్టు చెప్పే జబ్బు. సండే స్కూలుకి పద్దెనిమిది మంది పిల్లలొస్తే, ఒక ఇరవై మంది అని రాసెయ్యండమ్మా అని ఎవరన్నా అంటే ఒప్పుకునేది కాదు. పద్దెనిమిదే రాసేది. ఇద్దరికి జ్వరమని పక్కన చిన్న అక్షరాలతో రాసేది. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞని పిల్లలకి చెప్పేటప్పుడు, తెలియక చెప్పినా తెలిశాక దిద్దుకోకపోతే అదీ అబద్ధమేనని కూడా చెప్పేది. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను.

ఇంతకీ అమ్మ చచ్చి బతికింది ఒక కాన్పులో. ఎనభైల చివర్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు. ఉయ్యూరులో పురుడు పోశారుగానీ రక్తం ఆగలేదు. టాక్సీలో బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వెనక సీట్లో మేనత్త ఒళ్ళో అమ్మ తల, ముందు సీట్లో నాన్న ఒళ్ళో అప్పుడే పుట్టిన తమ్ముడు. నన్ను రావద్దన్నారు. నేను ఏడ్చి యాగీ చేస్తే నాన్న కాళ్ళ దగ్గర కూర్చోబెట్టారు.

ఆసుపత్రిలో రక్తం కావాలన్నారు. నాన్నది కలవలేదు, మేనత్తది కలవలేదు. పక్క వార్డులో ఒకామె ఉంది. కొల్లేటి వైపు నుంచి చేపలు తెచ్చి హనుమాన్ జంక్షన్‌లో అమ్ముకునే ఆమె. ఆమె భర్తని లారీ గుద్దితే అక్కడ చేర్చారు. వరండాలో మా గోల విని తనే లేచొచ్చి, నాది చూడండయ్యా అంది. ఆమెది కలిసింది. అమ్మ రెండు రోజులు తెలివి లేకుండా ఉండి మూడో రోజు పొద్దున కళ్ళు తెరిచింది. తమ్ముడు రెండో రోజునే పోయాడు.

అయ్యగారు ఆ మూడు రోజులూ మా వెంటే ఉన్నారు. అయ్యగారంటే మా పాస్టరుగారు. అప్పటికి చిన్నవాడే, పాత సైకిలు మీద ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పేవారు. మందిరం లేదు. మా ఇంటి వసారాలోనే ప్రార్థన, మా అమ్మ వండిందే ఆయన తిండి. వార్డు తలుపు దగ్గర నేల మీద మోకరించి ఆయన ఏడ్చిన ఏడుపు నేను చూశాను. నాకు క్యారియరులో ఇడ్లీలు తెచ్చి తుంచి పెట్టింది ఆయనే. తమ్ముణ్ణి తన తువ్వాలులో చుట్టి, నాన్న చేతుల్లోంచి తనే తీసుకుని, ఉయ్యూరు సమాధుల తోటలో పాతిపెట్టిందీ ఆయనే. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆయనకి తెలియదని ఎవరూ అనుకోకూడదు.

అప్పట్నుంచి ప్రతి ఏడాది చివర కృతజ్ఞతా కూడికలో అమ్మ సాక్ష్యం చెప్పేది. ఏ ఏడు చూసినా అదే వరస, అవే మాటలు. పచ్చంచు తెల్లచీర కట్టుకుని లేచి నిలబడి, ఆ కాన్పులో నేను చచ్చి బతికానండి అని మొదలుపెట్టేది. తర్వాత డాక్టరమ్మ గురించి, తర్వాత రక్తమిచ్చిన చేపలామె గురించి. ఆమె దేవుడు వేరైనా ఆమె చెయ్యి చాపింది ప్రభువు మాటకేనండి అనేది. ఆ తర్వాత అయ్యగారి ప్రార్థన. చివరికి బిడ్డ. 'నా బిడ్డ ప్రభువు దగ్గరున్నాడు, నేను మీ దగ్గరున్నాను, వందనాలండీ' అని కూర్చునేది. ఆ చివరి మాట దగ్గర మేనత్త కొంగు నోట్లో కుక్కుకునేది. నాకైతే తర్వాత తర్వాత విసుగొచ్చేది, ఈ ఏడన్నా మార్చి చెప్పవే అనేదాన్ని. జరిగిందాన్ని మార్చడానికి నేనెవర్నే అనేది అమ్మ.

మా వసారా చాలక అయ్యగారు బెజవాడ పటమటలో రేకుల షెడ్డు వేశారు, ఆ షెడ్డు హాలయింది. మేము ఆదివారం ఆదివారం ఉయ్యూరు నుంచి బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. సైకిలు పోయి స్కూటరొచ్చింది, స్కూటరు పోయి కారొచ్చింది. అయినా అమ్మ కనబడితే దూరం నుంచే చేతులెత్తి, 'ఈ తల్లి పెట్టిన అన్నంతో మొదలైంది ఈ సంఘం' అని నలుగురిలో చెప్పేవారు. మా గుండెలు ఇంతింతయ్యేవి. సండే స్కూలు అమ్మ చేతిలోనే ఉంది, పిల్లలు మాత్రం పద్దెనిమిది నుంచి నూటికి పైన పెరిగారు.

నేను డిగ్రీ తప్పి డీటీపీ నేర్చుకుని, పటమటలోనే ఒక సెంటర్లో ఆపరేటరుగా చేరాను. పెళ్ళిపత్రికలు, కాలేజీ నోట్సులు, వినాయక చవితి కరపత్రాలు, మా సంఘం స్తోత్ర కూడికల కరపత్రాలు, అన్నీ కొట్టేదాన్ని. రెండువేలు దాటి ఒకట్రెండేళ్ళయింది. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను తన గదికి పిలిచారు. ఇప్పుడు అందరికీ వెబ్‌సైట్లొచ్చాయమ్మా, మన పరిచర్య కూడా ప్రపంచానికి తెలియాలి, ఆ పని నీకు తప్ప ఇంకెవరికి ఇస్తాను అన్నారు. దానికి మీడియా పరిచర్య అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు విని నేను ఆ వారమంతా నేల మీద నడిస్తే ఒట్టు. డిగ్రీ తప్పినదాన్ని, సంఘంలో కుర్చీలు సర్దేదాన్ని, నాకొక పరిచర్య దొరికింది.

మా సెంటరు ఓనరుగారు రిటైరైన లెక్చరరు. పూజ చేసి విభూతి పెట్టుకుని వచ్చి కూర్చునేవారు. పని అయ్యాక గంటసేపు నెట్ వాడుకోమ్మా అన్నారు. వెబ్‌సైటు ఎలా చేయాలో పుస్తకం చూసి నేర్చుకున్నాను. తెలుగులో పెట్టాలని ఎంత పాకులాడానో. మేము వాడే తెలుగు ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే వాక్యమంతా కోడి గెలికినట్టు కనబడేది. అందుకని ఇంగ్లీషులోనే పెట్టమన్నారు అయ్యగారు. ఎంతమంది చూశారో లెక్క చూపించే మీటరొకటి పేజీ అడుగున పెట్టాను. అది పెరుగుతుంటే తెగ సంబరపడ్డాను. ఆ పెరిగేదంతా నేను మాటిమాటికీ తెరిచి చూసుకోవడం వల్లేనని ఓనరుగారు చెప్పేదాకా నాకు తట్టలేదు.

ప్రార్థన మనవి పంపే పెట్టె ఒకటి కూడా అందులో చేశాను. ఎవరన్నా అందులో తమ బాధ రాసి నొక్కితే, మీ మనవి అందింది, మేము మీ కోసం ప్రార్థిస్తున్నాము అని దానంతటదే జవాబు వెళుతుంది. ఆ జవాబు ఇంగ్లీషులో నేనే రాశాను. ప్రార్థన అన్న మాటకి ఒక అక్షరం తప్పు పడింది. ఎవరూ దిద్దలేదు.

తర్వాత సాక్ష్యాల పేజీ. మొదటి సాక్ష్యం మీ అమ్మదే ఉండాలి అన్నారు అయ్యగారు. కృతజ్ఞతా కూడికలో అమ్మ సాక్ష్యం రికార్డు చేసిన క్యాసెట్టు పెట్టుకుని, ఆపి ఆపి వింటూ నాలుగు పేజీలు తెలుగులో రాసి తీసుకెళ్ళాను. ఆయన పెన్సిలు తీశారు. ఇంటర్నెట్టులో ఇంత చదివే ఓపిక ఎవరికుంటుందమ్మా అంటూ డాక్టరమ్మని కొట్టేశారు. చేపలామెని కొట్టేశారు. తమ్ముడి దగ్గర పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. ఆగిందని నాకు బాగా గుర్తు.

"ఇది మన ఇంటి దుఃఖం తల్లీ. ఊరూ పేరూ తెలియనివాళ్ళ ముందు పరవడం ఎందుకు?" అన్నారు.

మన ఇంటి అన్నారు కదా, నేను కరిగిపోయాను. సరేనండీ అన్నాను. తమ్ముణ్ణి ఆయన ఒక్కరే కొట్టెయ్యలేదు, నేను పక్కన నిలబడి కొట్టేయించాను.

మిగిలిన ఆరు వాక్యాలు ఇంగ్లీషులోకి మార్చడం నా పని. నాది తెలుగు మీడియం. నిఘంటువు పక్కన పెట్టుకుని మాటకి మాట వెతికి పేర్చాను. చచ్చి అంటే చనిపోయి, బతికాను అంటే జీవించాను. నేను చనిపోయాను, మా పాస్టరుగారు ప్రార్థించారు, మూడో రోజున జీవించాను. ఇంగ్లీషులో ఇది వచ్చింది. నాకు అందులో తేడా కనబడలేదు. తెలుగులో ఆలోచిస్తూ చదివితే ఇప్పటికీ కనబడదు. అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, బాగుందమ్మా అన్నారు. ఆయన బెంగుళూరులో ఇంగ్లీషులోనే వేదాంత విద్య చదువుకున్నవారు.

అమ్మ ఫొటో స్కాన్ చేసి పక్కన పెట్టాను. సండే స్కూలు వార్షికోత్సవంలో ఏదో పిల్లవాడి మాటకి నవ్వుతున్న ఫొటో అది. అమ్మకి కంప్యూటరులో చూపిస్తే, నా పళ్ళన్నీ కనబడుతున్నాయే అని సిగ్గుపడింది. అక్షరాల మీద వేలు పెట్టి, ఇక్కడేం రాశావు అని అడిగింది. నీ సాక్ష్యమేనమ్మా అన్నాను. నమ్మింది.

నెలా రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఓనరుగారు ఆ పేజీ తెరిచి చదివారు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమ్మా, మీ అమ్మగారు ఎప్పుడు పోయారు?"

నేను ఉలిక్కిపడ్డాను. నిన్న సాయంత్రమే కదండీ మీకు గోంగూర పచ్చడి పంపింది అన్నాను. మరి ఇక్కడ పోయారనీ, మూడో రోజున మీ పాస్టరుగారు లేపారనీ ఉందే అన్నారు. తర్వాత నెమ్మదిగా, నన్ను చిన్నబుచ్చకుండా, ఆ వాక్యం ఇంగ్లీషు వాళ్ళకి ఎలా వినబడుతుందో చెప్పారు. చచ్చి బతికానని మా ఆవిడా నెలకోసారి అంటుందమ్మా, దాన్ని ఇలా పెడితే ఇంకేమన్నా ఉందా అన్నారు.  చేతిలో ఉన్న పెళ్ళిపత్రిక అక్కడే వదిలేసి మందిరానికి పరిగెత్తాను.

అయ్యగారు గదిలోనే ఉన్నారు. బల్ల మీద ప్రింటు తీసిన మెయిళ్ళ కట్ట ఉంది. తప్పు జరిగిపోయిందండీ, నా ఇంగ్లీషు మట్టిగొట్టుకుపోను అని ఏడుపు గొంతుతో మొత్తం చెప్పాను. ఆయన కంగారుపడలేదు. నేను కంగారు పడ్డందుకు జాలిగా నవ్వారు. ఆ మెయిళ్ళు చూపించారు. ఏయే దేశాల నుంచో, ఆమెను చూడాలని ఉంది, ఆమెతో మాట్లాడాలని ఉంది అని రాశారు. ఇద్దరు వచ్చే నెలలో వస్తున్నారు కూడా.

"నువ్వేం తప్పు రాయలేదమ్మా. చచ్చి బతికానని ఆమె నోటితోనే అంది కదా? మనం ఒక్క మాటన్నా కలిపామా?"

కలపలేదు. నిజంగానే ఒక్క మాటా కలపలేదు, తీసేశాం అంతే. ఇప్పుడు దిద్దితే ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పామనుకుంటారు, నీ పేరూ పోతుంది, మీ అమ్మ పేరూ పోతుంది అన్నారు. వాళ్ళొచ్చి వెళ్ళేదాకా అమ్మతో ఈ గొడవంతా ఎందుకులే అన్నారు. ఆ మాటతో నాకు ఒకటి తెలిసింది. ఆయన మొదటి రోజునే చూశారు. బాగుందమ్మా అన్నప్పుడే చూశారు. ఇడ్లీ తుంచి పెట్టిన మనిషి, తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిన మనిషి. 

అంత తెలిసీ నేనేం చేశాను? నోరు మూసుకున్నాను. పాస్‌వర్డు నా దగ్గరే ఉంది, ఐదు నిమిషాల పని. కూర్చున్నాను, పేజీ తెరిచాను, మూసేశాను. మీడియా పరిచర్య పోతుందని భయం. డిగ్రీ తప్పినదానికి ఇంగ్లీషు ఎందుకు అంటారని సిగ్గు. అయ్యగారి మాట కాదనడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఈ మూడింట్లో ఏది ఎక్కువో నేను ఇప్పటికీ చెప్పలేను. రోజూ ఇంటికెళ్ళి అమ్మ పెట్టిన అన్నం తిన్నాను.

ఆ ఇద్దరూ వచ్చారు. పెద్దవాళ్ళు, భార్యాభర్తలు. పాపం వాళ్ళనేమీ అనను, చదివింది నమ్మి అంత దూరం వచ్చారు. హాలు బయట షామియానా వేశారు, దండలు వేశారు. నేను స్టూడియో నుంచి తెచ్చిన డిజిటల్ కెమెరా పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాను. అమ్మ పచ్చంచు తెల్లచీరకి ఇస్త్రీ చేయించి కట్టుకుంది. వేదిక మీద మైకు ముందు అమ్మ, పక్కనే ఇంకో మైకుతో అయ్యగారు. ఆమె తెలుగుకి ఇంగ్లీషు ఆయనే చెబుతున్నారు.

ఆ కాన్పులో నేను చచ్చి బతికానండి అంది అమ్మ. ఆమె చనిపోయింది అన్నారు అయ్యగారు ఇంగ్లీషులో. డాక్టరమ్మ చాలా కష్టపడిందండి అంది. డాక్టర్లు చేతులెత్తేశారు అన్నారాయన. చేపలామె రక్తమిచ్చింది అంది. ఆయన ఏమీ చెప్పకుండా, ఊఁ చెప్పమ్మా అన్నట్టు తలూపారు.  కెమెరా కంటికి ఆనించుకుని, ఆ గాజులోంచి చూస్తూ ఉండిపోయాను.

"నా బిడ్డ రెండో రోజున పోయాడండి. పాలన్నా పట్టలేదు," అంది అమ్మ.

అయ్యగారు చెయ్యి పైకెత్తి, రెండు రోజులు ఈమె మృతురాలిగా ఉంది, మూడో రోజున ప్రభువు ఈమెను లేపాడు అని ఇంగ్లీషులో గట్టిగా అన్నారు. ఆ ఇద్దరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు. వాళ్ళు కొట్టేసరికి హాలంతా కొట్టింది. తెలుగు వచ్చినవాళ్ళు, ఏటా ఇదే మాటకి కళ్ళు ఒత్తుకున్నవాళ్ళు, మా మేనత్తతో సహా చప్పట్లు కొట్టారు, హల్లెలూయ అన్నారు.

అమ్మ ఆగిపోయింది. హాలు వైపు చూసింది, అయ్యగారి వైపు చూసింది, తర్వాత నా వైపు. చివరి మాట చెప్పలేదు. వందనాలండీ అని మాత్రం అని దిగిపోయింది.

ఉయ్యూరు బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. పెనమలూరు దాకా అమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"బిడ్డ పోయాడంటే చప్పట్లు కొట్టారేంటే?"

చెప్పేశాను. ఇక దాచే శక్తి లేదు. నిఘంటువు దగ్గర్నుంచి మెయిళ్ళ దాకా మొత్తం చెప్పాను. కంకిపాడులో జనం ఎక్కారు, దిగారు. అమ్మ ఒడిలో చేతిసంచి పెట్టుకుని, దాని పిడి మడుస్తూ విప్పుతూ విన్నది. నన్ను తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది.

"నన్ను లేపినాయన నా బిడ్డనెందుకు లేపలేదని వాళ్ళు అడగరా?"

అడగరమ్మా, బిడ్డ సంగతి వాళ్ళకి తెలియదు అన్నాను.

"నువ్వు రాయలేదా?"

 ఉయ్యూరు వచ్చింది, దిగాం.

మర్నాడు అమ్మ ఒక్కతే పటమట వెళ్ళి అయ్యగారిని కలిసింది. నా పేరుతో ఉన్న అబద్ధం తీసెయ్యండి, నా బిడ్డ సంగతి పెట్టండి అని అడిగిందట. ఆయన కాఫీ ఇప్పించి, చూద్దాంలేమ్మా అన్నారట. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పుకుంటానంటే, నీకు అడ్డమేముంది తల్లీ అన్నారట. అమ్మ ఏం చెబుతుందో ఆయన ఊహించలేదు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన అమ్మని సరిగా చూడనే లేదని నాకప్పుడు అనిపించింది.

ఆదివారం అమ్మ లేచి మైకు తీసుకుంది. 

"నేను చావలేదండి. డాక్టరమ్మ వైద్యం చేసింది, చేపలమ్ముకునే తల్లి రక్తమిచ్చింది, అయ్యగారు ప్రార్థన చేశారు, ప్రభువు కాపాడాడు. చచ్చిపోయింది నా బిడ్డ. అయ్యగారే తన చేతుల్తో పాతిపెట్టారు. ఆయనకి తెలుసు."

 అయ్యగారు తల వంచుకున్నారు. ఏదన్నా అంటారేమోనని నేను నిజంగా ఎదురుచూశాను, అవునమ్మా అని ఒక్క మాట అంటే నేను ఆయన కాళ్ళ మీద పడేదాన్ని. ఆయన కీబోర్డు వాయించే ఆయన వైపు చూసి సైగ చేశారు. పాట మొదలైంది.

బయటికొస్తుంటే ఎవరూ పలకరించలేదు. ఆమెకి గర్వం వచ్చిందని ఒకరు, శోధనలో పడిందని ఒకరు. రెండు వారాల తర్వాత సండే స్కూలు వేరేవాళ్ళకి ఇచ్చారు. వయసైంది కదా, అమ్మకి కాస్త విశ్రాంతి అన్నారు. నూరు మందికి పైగా పిల్లల పేర్లు, వాళ్ళ అమ్మల పేర్లు, ఎవరికి ఎప్పుడు జ్వరమొచ్చిందీ రాసుకున్న పుస్తకాన్ని అమ్మ అట్ట వేసి మరీ అప్పగించింది. నేను ఆ రాత్రంతా అందరినీ పేరుపేరునా తిట్టాను. సోమవారం వెబ్‌సైటు తెరిచి పాస్‌వర్డు కొడితే, తప్పు అని వచ్చింది. మార్చేశారు. నేను కూర్చుని కూడా దిద్దని ఐదు నిమిషాలు అప్పుడు గుర్తొచ్చి, కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఓనరుగారు లేచి బయటికెళ్ళి నిలబడ్డారు.

నేను ఆ మందిరం మానేశాను. అమ్మ మానలేదు. ప్రతి ఆదివారం అదే బస్సెక్కి వెళ్ళి, వెనక వరసలో గోడవార కూర్చుని వచ్చేది. సిగ్గు లేదా నీకు అని అడిగాను ఒకసారి. ఆ వసారాలో మొదలైంది నా ప్రార్థన, వాళ్ళెవరే నన్ను పొమ్మనడానికి అంది. కృతజ్ఞతా కూడికలో మళ్ళీ ఎవరూ ఆమెని పిలవలేదు. ఆమె మాటల్లోంచి ఒకటి మాత్రం పోయింది. వరదలప్పుడు మోకాల్లోతు నీళ్ళలో ఇల్లు ఎత్తిపెట్టుకున్న రోజున, మేనత్త గట్టు మీద కూలబడి చచ్చి బతికాం వదినా అంటే, అమ్మ తడిచీర పిండుకుంటూ చాలా కష్టమైంది అంది. చివరి రోజుల్లో కిడ్నీలు పాడై ఆసుపత్రిలో చేరినప్పుడు, ఇంతకుముందు పెద్ద జబ్బేమన్నా చేసిందా అని డాక్టరు అడిగారు. ఒక కాన్పు కష్టమైందండి, బిడ్డ పోయాడు అని చెప్పింది. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

అమ్మ పోయినప్పుడు అయ్యగారు వచ్చారు. ఇప్పటికీ నా నోరు ఆ గారు తీసెయ్యలేకపోతోంది. సమాధి దగ్గర నిలబడి మాట్లాడారు. ఈ తల్లి నాకు అన్నం పెట్టింది, ఒక కాన్పులో చాలా కష్టపడింది, ఆ బిడ్డని ఈ చేతుల్తోనే, అదిగో ఆ గోడ పక్కనే పెట్టాను అని చెప్పి ఏడ్చారు. అది దొంగ ఏడుపు కాదు. అందుకే నాకు ఇంకా మండింది. తెలుగులో, మా ఊళ్ళో, మట్టి వేసే ముందు అంతా నిజమే చెప్పారు.

మూడో రోజు నేను ఉయ్యూరు సెంటర్లో ఒక నెట్ షాపుకి వెళ్ళి ఆ పేజీ తెరిచాను. రంగులు మార్చారు, పైన కొత్త హాలు బొమ్మ పెట్టారు. సాక్ష్యాల్లో మొదటిది అమ్మదే. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. పక్కన నేను కొట్టిన అక్షరాలు, నేను చనిపోయాను, మూడో రోజున జీవించాను అని. అడుగున మీటరులో అంకె ఇప్పుడు నేను తెరిచినందువల్ల పెరిగింది కాదు, చాలా పెద్దది.

పాస్‌వర్డు లేదు. నేను చేసిన ప్రార్థన మనవి పెట్టె మాత్రం ఇంకా ఉంది. అందులో రాశాను. ఈసారి ఇంగ్లీషు తప్పు పోకుండా ఒక్కో మాటా మూడుసార్లు చూసుకున్నాను. మొన్న మంగళవారం మా అమ్మ చనిపోయింది. అంతకుముందు ఒక్కసారి కూడా చనిపోలేదు. ఆమెకి ఒక కొడుకు పుట్టి రెండో రోజున చనిపోయాడు. వాడు కూడా ఉన్నాడని రాయండి.

పంపు అని నొక్కాను. నిమిషం కాకముందే జవాబు వచ్చింది. మీ మనవి అందింది, మేము మీ కోసం ప్రార్థిస్తున్నాము. ప్రార్థన అన్న మాటలో నేను కొట్టిన తప్పు అలాగే ఉంది.